తప్పు చెప్పినవాడికే బరఫ్

మొన్న ఎండాకాలంలో కరీంనగర్‌లో ఒక పెళ్లికి పోయాను. ఫంక్షన్ హాలులో ఏసీలు ఎంత గట్టిగా పెట్టారంటే, ముసలివాళ్లమంతా భుజం మీది కండువాలు తీసి చెవులకు చుట్టుకున్నాం. ఎవరో చేతిలో నిమ్మకాయ షర్బత్ గ్లాసు పెట్టారు. ఒక గుటక వేస్తే ఉప్పు తగిలింది. ఇప్పుడు నిమ్మరసంలో ఉప్పు వేసి తాగడమే మర్యాదట. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. షర్బత్ చొక్కా మీద ఒలికింది. పక్కనున్న మా వియ్యంకుడు "ఏమైంది బావా, గట్ల నవ్వుతున్నవ్" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. నేను అసలు సంగతికి వచ్చేలోపు ఆయన భోజనం ముగించి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. లేచిపోయేవాళ్లు లేచిపోవచ్చు.

ఇది సదర్ సాబ్ సంగతి.

ఆయనకు పేరు లేక కాదు. ఉంది, నాకు తెలుసు. కానీ ఊళ్లో ఎవరూ వాడని పేరును నేను కొత్తగా వాడితే అది ఎవరో వేరే మనిషి అనిపిస్తుంది. సదర్ అంటే అధ్యక్షుడు. కరీంనగర్ చల్లగాలి ఇంజనీర్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు, ఆయనే కార్యదర్శి, నేల ఊడ్చే చప్రాసీ కూడా ఆయనే. సంఘంలో మొత్తం ఏడుగురం. ఆ ఏడుగురిలో కాగితం చూపించగల ఇంజనీరును నేనొక్కణ్నే. ఆ కాగితం కూడా డిప్లొమా కాగితమే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజులవి. జిల్లా మొత్తం మీద చల్లదనం అనేది నాలుగైదు చోట్ల తప్ప దొరికేది కాదు. సదర్ సాబ్ అంతకు ముందు నిజాం కాలంలో హాకీముల, అంటే పెద్ద పెద్ద అధికారుల, బంగ్లాలకు ఖస్ తట్టీలు కట్టేవాడు. వట్టివేళ్లతో అల్లిన తడికలవి. కిటికీలకు కట్టి, రోజంతా నీళ్లు చల్లుతూ ఉంటే వడగాలి కూడా తడిసి లోపలికి వచ్చేది. రాజ్యం మారింది, హాకీములు మారారు, తట్టీలు మాత్రం మారలేదు. తర్వాత సినిమా టాకీసు వాళ్లు ఆయనను పిలిచి, తెర వెనక గదిలో మనిషెత్తు ఫ్యాను ఒకటి, దాని ముందు ఖస్ తడికలు, తడికల కింద నీళ్ల తొట్టి అప్పజెప్పారు. ఎండలు ముదిరితే ఆ తొట్టిలో బరఫ్, అంటే ఐసు గడ్డలు వేసేవాడు. బయట బోర్డు మీద "లోపల చల్లగా ఉండును" అని రాసి ఉండేది. ఆ ఒక్క వాక్యాన్ని నిజం చేయడం ఆయన ఉద్యోగం.

ఎన్నో ఏళ్లు టాకీసులో పనిచేసినా ఆయన ఒక్క సినిమా చూడలేదు. ఆట మొదలయ్యాక పక్క తలుపులోంచి లోపలికి వచ్చి, తెరకు వీపు పెట్టి, జనాన్ని చూస్తూ నిలబడేవాడు. హీరోయిన్ ఏడుస్తున్నా, విలన్ కొడుతున్నా ఆయన చూపు జనం చేతుల మీదే. ఎవరైనా రుమాలుతో, పాటల పుస్తకంతో విసురుకుంటున్నారా అని. ఒక్క చెయ్యి ఊగినా గబగబా వెనక గదికి పోయి తడికల మీద రెండు బకెట్లు గుమ్మరించేవాడు. ఒకసారి నేలక్లాసులో ఒక పెద్దావిడ కొంగుతో అదేపనిగా విసురుకుంటుంటే ఆయన మూడుసార్లు పోయి నీళ్లు పోసి వచ్చాడు. చివరికి ఆమె దగ్గరికే పోయి అడిగాడు. "ఉక్కపోతకు గాదయ్యా, దోమలు" అందామె. ఆ మాట ఆయన చాలా సంతోషంగా చెప్పుకునేవాడు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గోరింటాకు పెట్టిన గడ్డం. ఎప్పుడూ నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లు. ఆయన సందు మలుపులో ఉండగానే వట్టివేళ్ల వాసన మన గుమ్మంలోకి వచ్చేది. ఎవరింటికి పోయినా ముందు కూర్చునేవాడు కాదు. చూపుడువేలు నోట్లో పెట్టి తడిపి పైకెత్తి, గాలి ఎటు నుంచి వస్తుందో చూసేవాడు. ఆ తర్వాత ఇంటివాళ్లకు హుకుములు. "గా కిటికీ ముయ్యుండ్రి. గీ తలుపు తెరువుండ్రి. అవ్వను గా మూలకెల్లి లేపి గిక్కడ కూసోబెట్టుండ్రి." ఇంటివాళ్లు ఉన్నపళంగా మంచాలు మోసుకుంటూ తిరిగేవాళ్లు. మా ఇంట్లోనూ అదే జరిగింది. నా భార్య "ఈయన చుట్టమా, మేస్త్రీనా" అని నన్ను లోపలికి పిలిచి అడిగింది. కానీ ఆ రోజు నుంచి మా మంచం ఆయన చెప్పిన చోటే ఉంది. అక్కడే చల్లగా ఉండేది మరి.

ఇక సంఘం. నెలలో మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు టాకీసు వెనక ఖస్ గదిలో కూడేవాళ్లం. ఆసుపత్రి కాంపౌండర్ నర్సయ్య వచ్చేవాడు. ఆసుపత్రిలో కిరసనాయిలుతో నడిచే చల్లపెట్టె ఒకటి ఉండేది, సూదిమందులు అందులో పెట్టేవాళ్లు. దాని వత్తి కత్తిరించేది ఆయనే. ఆసిఫాబాద్ మనిషి ఒకాయన కాగితాల మిల్లులో గాలి ఫ్యాన్లు చూసేవాడు, పొద్దున్నే రైలూ బస్సూ మారి వచ్చేవాడు. మాటకు ముందు మరాఠీలో "కాయ్ సాంగూ", ఏం చెప్పను, అనకుండా నోరు తెరిచేవాడు కాదు. బరఫ్ కార్ఖానా నుంచి మల్లయ్య వచ్చేవాడు. బరఫ్ డబ్బాలు ఎత్తి దించే పని అతనిది. మిగతా ఇద్దరూ టాకీసు వాళ్లే. వీళ్లందరినీ సదర్ సాబ్ ఇంజనీరు అనే పిలిచేవాడు. నర్సయ్య ఇంజినీర్. మల్లయ్య ఇంజినీర్.

హైదరాబాదులో చల్లగాలి ఇంజనీర్ల పెద్ద సంఘం ఉందని విని, మమ్మల్ని మీ శాఖగా గుర్తించండని ఆయన జాబు రాయించాడు. వాళ్లు ఒక ఫారం పంపారు. అందులో సభ్యుల విద్యార్హత అనే గడి ఉంది. సదర్ సాబ్ ప్రతి పేరు ముందూ ఒకే మాట రాయించాడు: "వేడి తెలుసు." వాళ్లు జవాబు రాశారు, కనీసం ఒక్క డిప్లొమావాడైనా లేకుండా శాఖ ఇవ్వలేమని. నేను బరఫ్ కార్ఖానాకు ఇంజనీరుగా వచ్చింది సరిగ్గా అప్పుడే. సంఘంలో చేరమని ఆయన మా ఇంటికి వచ్చి అడిగాడు. మంచం జరిగింది ఆ రోజే.

నేను పోగానే నెత్తిన పెట్టుకుంటారనుకున్నాను. పెట్టుకోలేదు. సంఘానికి ఒక ఆచారం ఉంది. అందరికీ రూహ్ అనే గులాబీ సారం కలిపిన షర్బత్ గిలాసలలో పోస్తారు. మల్లయ్య గోనెసంచిలో పొట్టు కప్పి తెచ్చిన బరఫ్ ముక్కలు సదర్ సాబ్ ముందు ఉంటాయి. ఒక్కొక్కరూ ఆ నెలలో తాము పనిలో చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చెప్పినవాడి గిలాసలో ఆయన తన చేత్తో బరఫ్ వేస్తాడు. చెప్పనివాడు వేడి షర్బత్ తాగాలి. కరీంనగర్ ఎండాకాలంలో వేడి షర్బత్ ఎలా ఉంటుందో తాగినవాడికి తెలుసు.

ముందు ఆయనే చెప్పేవాడు. "పోయిన శుక్రారం తొట్టిల నీళ్లు జూడకుంట ఫ్యాన్ తిప్పిన. గంటసేపు పబ్లికుకు వడగాలి కొట్టిన." తన గిలాసలో తనే బరఫ్ వేసుకునేవాడు. నర్సయ్య తల దించుకుని చెప్పాడు. "మా ఇంటామె మల్లెపూలు తెల్లారెదాక వాడొద్దని సూదిమందుల పక్కకు పెట్టిన. డాక్టర్ సాబ్ పెట్టె తెరిచి, గీ సీరంకు మల్లెపూల వాసన ఎందుకొస్తుందిరా అని అడిగిండు." ఆసిఫాబాద్ ఆయనది ఇంకా గొప్ప తప్పు. "కాయ్ సాంగూ, ఫ్యాన్ వైరు ఉల్టా కలిపిన. రెండు దినాలు మిషిన్ల వేడి మొత్తం మేనేజర్ రూముల కొట్టింది. ఆయన తనకు జ్వరమొచ్చిందనుకోని గోలీలు మింగిండు." గదంతా నవ్వు. అతనికి అందరికంటే పెద్ద బరఫ్ ముక్క దక్కింది. నెలకొక తప్పు చెప్పాలి కాబట్టి సదర్ సాబ్ కావాలనే నెలకొకటి చేస్తాడేమో అని నాకు అనుమానంగా ఉండేది.

నా వంతు వచ్చింది. "నేనేం తప్పు చేయలేదు" అన్నాను.

"మంచిదే తమ్మీ" అన్నాడాయన. వేడి షర్బత్ నా ముందుకు జరిపాడు.

మూడు నెలలు అలాగే తాగాను. డబ్బాలు మోసే మల్లయ్య ఇంజినీరట, నేను తమ్మీనట. నాకు మండేది. ఒకసారి అడిగేశాను, సదర్ సాబ్, ఇదేం రివాజు అని. ఆయన తడికలో ఊడిన వట్టివేరు ఒకటి దోపుతూ చెప్పాడు. "మనం సల్లదనం తయారు చేస్తలేం తమ్మీ. లోపలి వేడిని బయటికి తోలుతున్నం, గంతే. లోపల్నే పెట్టుకుంటె మిషినైనా మనిషైనా ఎట్ల సల్లవడ్తది?" నాకు అది పెద్దవాళ్ల నీతిపాఠంలా తోచి, విన్నట్టు తలూపి ఊరుకున్నాను.

ఇప్పుడు మల్లయ్య నాలుక సంగతి చెప్పాలి. బరఫ్ కార్ఖానాలో పెద్ద తొట్టి నిండా ఉప్పునీళ్లు ఉంటాయి. ఉప్పు వల్ల అవి గడ్డకట్టకుండానే బాగా చల్లబడతాయి. మంచినీళ్లు నింపిన రేకు డబ్బాలను ఆ ఉప్పునీళ్లలోకి దించితే డబ్బాల్లోని నీళ్లు బరఫ్ అవుతాయి. డబ్బాకు సూదిమొనంత చిల్లి పడినా ఉప్పునీళ్లు లోపలికి దూరి గడ్డ ఉప్పగా అవుతుంది. అందుకని మల్లయ్య డబ్బాలోంచి గడ్డ జారగానే వంగి, దాని మూలకు నాలుక తాకించేవాడు. బాగుంటే "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ లేకుండా గడ్డ గేటు దాటేది కాదు.

అది మొదటిసారి చూసినప్పుడే నాకు కంపరమెత్తింది. జనం తినే బరఫును నాకడమేమిటి? ఉప్పు కొలిచే గాజు గొట్టం తెప్పించేదాకా ఓర్చుకుని, అది రాగానే గోడ మీద కాగితం అంటించాను: "గడ్డలను నాకరాదు." మల్లయ్యకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాను.

"మరి ఉప్పు తగిలింది ఎట్ల తెలుస్తది సార్?"

"కొలిచే గాజు గొట్టం తెప్పించాను కదా. నీళ్లలో ఉప్పెంతో అది చెప్తుంది."

"అది తొట్టి సంగతి జెప్తది సార్. డబ్బ సంగతి ఎట్ల జెప్తది?"

అతను అడిగింది న్యాయమైన ప్రశ్న. జవాబు లేనప్పుడు పై అధికారి ఏమంటాడో నేనూ అదే అన్నాను. చెప్పింది చెయ్, అన్నాను.

పది రోజులు కాలేదు. ఒక నేతపనివాళ్ల ఇంట్లో ఆడపిల్ల పెళ్లి. మగపెళ్లివాళ్లు ధర్మపురి వైపు నుంచి ఎడ్లబండ్ల మీద ఎండలో వచ్చారు. రాగానే మా కార్ఖానా బరఫ్ వేసిన చల్లని షర్బత్ ఇచ్చారు. పెళ్లికొడుకు మేనమామ ఒక్క గుటక వేసి నేల మీద ఉమ్మేశాడు. "ఎండల పడి వస్తె మాకు ఉప్పునీళ్లు తాపుతరా" అని వెళ్లి బండెక్కి కూర్చున్నాడు. ఆయన వెనక ఇంకో నలుగురు. పిల్ల తండ్రి చేతులు జోడించి బండి దగ్గరికి పరుగెత్తాడు. ఏళ్ల తరబడి మగ్గం మీద కూర్చుని కూడబెట్టి చేస్తున్న పెళ్లి అది.

పెళ్లికి సదర్ సాబ్ కూడా వచ్చాడు. నేనూ ఉన్నాను, గోడకు ఆనుకుని, చెమటలు కక్కుతూ. ఆయన ఒక గిలాస తీసుకుని గడగడా తాగాడు. రెండోది తాగాడు. మూడోది పట్టుకుని బండి దగ్గరికి పోయాడు. "మామా, మీరు గిప్పుడు వీళ్ల ఉప్పు తిన్నరు. ఉప్పు తిన్న ఇల్లును ఇడ్శిపెట్టి పోతె మీ ధర్మపురిల ఏమంటరు? ఇగ గీ సంబంధం తెంపుదామన్నా తెగది" అన్నాడు. బండిలో ఒకాయన ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మేనమామ కూడా మీసం కింద నవ్వుకుంటూ దిగాడు. పెళ్లి బాగా జరిగింది. ఆ దంపతులు ఇప్పటికీ ఉప్పు షర్బత్ పెళ్లివాళ్లుగానే ఊరికి తెలుసు.

కానీ కార్ఖానా సేటు నవ్వలేదు. మర్నాడు నన్ను పిలిచి అడిగాడు. "గడ్డలు జూసి పంపేది ఎవరు?"

"మల్లయ్య" అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చింది.

"సోమారం కెల్లి ఆయనను రావొద్దను."

తలూపి బయటికి వచ్చాను. ఆ సాయంత్రం గోడ మీది కాగితం పీకి, మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

ఆదివారం వచ్చింది. నేను పోకూడదనుకుంటూనే పోయాను. మల్లయ్య ఎప్పటిలాగే గోనెసంచి మోసుకొచ్చాడు. ఇంట్లో నలుగురు పిల్లలు, మర్నాటి నుంచి పని లేదు, ఐనా మా అందరి కోసం బరఫ్ తెచ్చాడు. సదర్ సాబ్ తన తప్పు చెప్పాడు. నర్సయ్య చెప్పాడు. మల్లయ్య వంతు వచ్చింది.

"నాకి జూడకుంట గడ్డ పంపిన. గదే నా తప్పు" అన్నాడు. నా వైపు చూడలేదు. ఎవరు వద్దన్నారో చెప్పలేదు. సదర్ సాబ్ అతని గిలాసలో బరఫ్ వేశాడు. మల్లయ్య తాగకుండా గిలాస పట్టుకునే కూర్చున్నాడు.

"తమ్మీ?" అన్నాడు సదర్ సాబ్.

నేను జేబులోంచి కాగితం తీసి మధ్యలో పెట్టాను. నర్సయ్య దాన్ని విప్పి పైకి చదివాడు. "గడ్డలను నాకరాదు." ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను వద్దన్నానని, మల్లయ్య డబ్బాల సంగతి అడిగినా వినలేదని, సేటు దగ్గర నోరు మూసుకున్నానని చెప్పాను. చెప్తుంటే ఏడుపొచ్చింది. చెప్పి గిలాస ముందుకు పెట్టాను.

ఆయన బరఫ్ వెయ్యలేదు. చేతికి తీసుకున్న ముక్కను మళ్లీ గోనెపట్టాలో చుట్టాడు. "మాకు జెప్తె ఏమొస్తది తమ్మీ? మల్లయ్యను తీసేసెటోళ్లం మేం గాదు గద. పా సేటు దగ్గరికి. జర జల్ది, బరఫ్ కరుగుతది."

అలా ఏడుగురం ఎండలో బజారు వెంట బయలుదేరాం. ముందు సదర్ సాబ్, చంకలో గోనె మూట, మూట నుంచి నీళ్లు కారుతున్నాయి. వెనక నేను, చేతిలో షర్బత్ గిలాస, ఒలకకుండా. దుకాణాల వాళ్లు ఏమైందని అడిగితే ఆయన ఎవరికీ జవాబు చెప్పకుండా నడిచాడు. సేటు ఇంటి ముందు అరుగు మీద ఒంటికి నూనె రాయించుకుంటూ కూర్చున్నాడు. ఊరేగింపులా వస్తున్న మమ్మల్ని చూసి "ఏందయా, జులూస్ దీసిండ్రు" అన్నాడు.

నేను చెప్పాను. రెండోసారి చెప్పడం కొంచెం తేలికైంది. నా ఉద్యోగం పోతే పోనీ, మల్లయ్యను తీసేయకండి అన్నాను. సేటు కాసేపు నన్ను, నా చేతిలోని షర్బత్‌ను మార్చి మార్చి చూశాడు.

"ఎన్ని దినాలు దాచినవ్?"

"నాలుగు."

"నాలుగు దినాలు గీ మల్లయ్య నిన్ను ఒక్క మాట అన్లేదా?"

"అన్లేదు" అన్నాను.

సేటు మల్లయ్య వైపు తిరిగాడు. "రేపు పనికి రా. గడ్డను నాకకు, మూలకెల్లి చిన్న చెక్కు కొట్టి ఆ చెక్కును నాకు. అది సాఫ్ ఉంటది." మళ్లీ నా వైపు తిరిగాడు. "నువ్వు గూడ. గీ ఎండాకాలం అయ్యెదాక పొద్దున వచ్చే ప్రతి గడ్డ చెక్కు నువ్వు గూడ నాకాలె. నీకు సదువు జెప్పినోళ్లు గది జెప్పలే గావచ్చు."

నాకాను. వానలు పడేదాకా నాకాను. నా నాలుక మొద్దుబారి నా భార్య చేసిన పప్పులో పులుపు కూడా తెలిసేది కాదు. మల్లయ్య ఊఁ అనేవాడు, నేనూ ఊఁ అనేవాణ్ని, అప్పుడు గడ్డ కదిలేది. నేను ఉద్యోగం మారి ఊరు విడిచాక కూడా ఆ అలవాటు అక్కడ పోలేదు. కొన్నేళ్ల తర్వాత ఒక మే నెలలో సదర్ సాబ్ పోయాడని నర్సయ్య ఉత్తరం రాశాడు. ఆయన కొడుకు దూరం నుంచి వచ్చేదాకా బరఫ్ మీద ఉంచారట. ఆ గడ్డలను కూడా మల్లయ్య చెక్కు కొట్టి నాకి చూసే పంపాడట. ఆ ముక్క చదివి ఏడుస్తూనే నవ్వాను. హైదరాబాదు వాళ్లు మాకు శాఖ ఇచ్చారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనా ఆ తర్వాత మళ్లీ అడిగినట్టు లేదు.

ఆ ఆదివారం ఇంకా అయిపోలేదు. సేటు అరుగు ముందు వేపచెట్టు నీడలో సదర్ సాబ్ గోనె మూట విప్పాడు. పిడికెడు ఉన్న బరఫ్ కుంకుడుగింజంత అయ్యింది. వేలు నోట్లో పెట్టి తడిపి పైకెత్తి, గాలి వచ్చే వైపు నన్ను తిప్పి నిలబెట్టాడు.

"ఇంజినీర్ సాబ్, గిలాస పట్టుండ్రి" అన్నాడు.

ఆ పిలుపు నాకేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. గిలాస చాచాను. బరఫ్ లోపల పడి టిక్కుమంది. తాగబోతుంటే ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు. మల్లయ్య వైపు చూసి కన్ను గీటాడు.

"ముందుగాల నాలికెకు తాకిచ్చి చూడుండ్రి."

చూశాను. ఆరుగురూ నా నోటి వైపే చూస్తున్నారు.

"ఊఁ" అన్నాను.